పడగొట్టినవాళ్ళే ఉండిపోవాలి

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో ఒక రూలుండేది. హర్డిల్‌ని కాలితో పడగొట్టినవాళ్ళు, ప్రాక్టీసు అయ్యి అందరూ ఇళ్ళకి వెళ్ళాక, ఒక్కళ్ళే ఉండిపోయి హర్డిల్స్ అన్నీ సామాన్ల గదిలోకి మోయాలి. ఆ రూలు పెట్టింది మా డ్రిల్లు మాస్టారు. సరుగుడు కర్రలతో ఆయన దగ్గరుండి చేయించిన హర్డిల్స్ అవి, ఒక్కొక్కటీ మోసేసరికి నడుం పడిపోయేది. ఆ భాగ్యం ఎక్కువగా నాకే దక్కేది.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గర ఊరు. పొలాల్లో నీళ్ళు పారే బోదెలు దూకుతూ పెరిగినదాన్ని, హర్డిల్స్ ఓ లెక్కా అనుకున్నాను. ఆ అలవాటే నన్ను దెబ్బతీసింది. బోదె దూకేవాళ్ళు నీళ్ళ ముందు కాస్త తటపటాయిస్తారు, అవతలి గట్టు జారుతుందేమోనని కిందికి చూస్తారు, రెండు కాళ్ళూ కూడదీసుకుని దిగుతారు. హర్డిల్స్‌కి ఈ మూడూ పనికిరావు.

నాకంటే ఏడాది పెద్దదైన మా పక్కింటి అక్క అసలు దూకినట్టే ఉండేది కాదు. పరుగులో ఓ అడుగు కాస్త పెద్దదిగా వేసినట్టుండేది. ముందు కాలు చాచి, ఒళ్ళు తొడ మీదికి వంచి, వెనక కాలు పక్కకి మడిచి లాక్కునేది. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య సరిగ్గా మూడడుగులు. "కర్రని చూడకే, దాని అవతలికి చూడు" అనేది నాతో. ఆమె కర్ర పడగొట్టడం నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పొద్దూ, కుళ్ళుకునేదాన్ని.

బందరులో పోటీలు దగ్గరపడ్డాయని, ఆ రోజు ముసురు పట్టినా మాస్టారు ప్రాక్టీసు పెట్టారు. మధ్యాహ్నానికి గాలి పెరిగింది. ఇక ఆపేసి అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నారు. నేను అప్పటికే మామూలుగా ఓ కర్ర పడగొట్టి ఉన్నాను. అక్క గేటు దగ్గర ఆగి, "నేనూ ఉండి సాయం పట్టనా మాస్టారూ?" అని అడిగింది.

"నువ్వేం పడగొట్టావని? రూలంటే రూలే. వెళ్ళు తల్లీ" అన్నారాయన.

ఆమె వెళ్ళిపోయింది. నేను సర్దడం ముగించేసరికి చెట్లు విరిగి పడుతున్నాయి, మాస్టారు నన్ను కదలనివ్వలేదు. ఆ సాయంత్రమే ఉప్పెన వచ్చింది. బడి డాబా మీదెక్కి ఆయనా నేనూ బతికాం. మా అమ్మా నాన్నా గుడివాడలో బంధువుల పెళ్ళికి వెళ్ళి ఉండబట్టి దక్కారు. అక్కా, వాళ్ళింట్లోవాళ్ళూ ఎవరూ మిగల్లేదు.

మరుసటి ఏడాది ఆమె బదులు నన్ను బందరు తీసుకెళ్ళారు. అప్పటికి నా కాలికి కర్ర తగలడం మానేసింది. తగిలితే మళ్ళీ నేనొక్కదాన్నే మిగిలిపోతానని భయం. అందుకని అంతెత్తున ఎగిరేదాన్ని. గాల్లో ఉన్నంతసేపూ నా వెనక అక్క వేసే ఆ మూడడుగుల చప్పుడు వినిపించేది. ఎవరికీ చెప్పలేదు.

మొదటి రౌండులో, ఫైనల్‌కి తీసుకున్నవాళ్ళలో ఆఖరిదాన్నిగా ఎలాగో గట్టెక్కాను. మాస్టారు నన్ను నీడలోకి పిలిచి, "ఎందుకే అంత పైకి ఎగురుతున్నావు?" అనడిగారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"కర్ర తగిలి పడితే తప్పని ఆట రూల్సులో ఎక్కడా లేదమ్మా. మీరు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారని నేను పెట్టుకున్న రూలది. ఆ పిల్లని వెళ్ళమన్నదీ నేనే. ఇందులో నువ్వు చేసిందేం లేదు" అన్నారు. "ఆ అడుగులు నాకూ వినిపిస్తాయి. వినిపించనీ. నువ్వు మాత్రం కర్రని రాసుకుంటూ వెళ్ళు. తగిలితే తగలనీ" అన్నారు.

ఫైనల్లో రెండో హర్డిల్ మోకాలికి తగిలి పడింది. అయినా కాళ్ళు ఆగలేదు. తర్వాత ఇంకోటి పడింది. వెనక అడుగులు చివరిదాకా వస్తూనే ఉన్నాయి. మూడోదాన్నయ్యాను. తిరిగి చూస్తే మాస్టారు మైదానంలోకి వచ్చేసి, నేను పడగొట్టిన రెండు హర్డిల్స్‌నీ తనే లేవనెత్తి నిలబెడుతున్నారు. అక్కడివాళ్ళు మేం చూసుకుంటామన్నా వినలేదు. నేను పరిగెత్తుకెళ్ళి చెయ్యి వేయబోతే వద్దన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బతికి ఉన్నందుకు నన్ను నేను తిట్టుకోవడం ఆ రోజు నుంచే తగ్గింది, అది ఆయన పెట్టిన భిక్ష. కానీ ఆకాశం మూసుకొచ్చిన రోజున మా ఇంటికి వచ్చినవాళ్ళని మాత్రం ఓ పట్టాన కదలనివ్వను. కూర తరగమంటాను, బీరువా సర్దమంటాను. మొన్న ముసురు పట్టినప్పుడు మనవరాలు చెప్పులు వేసుకుంటూ, "ఈ డబ్బాలన్నీ నిన్ననే సర్దాం కదా అమ్మమ్మా!" అని విసుక్కుంది. నేను చెయ్యి చాచి పై అరలో డబ్బా ఒకటి కింద పడేశాను.

"అయ్యో, పడిపోయిందే! ఇది సర్దేసి వెళ్దువుగాని, ఉండవే" అన్నాను.