తాళం ఆయనది, తలుపు మనది

నా చిన్నప్పుడు కోవూరులో మా ఇంటికి వీధివైపు ఒక గది ఉండేది. ఆ గది సంగతులన్నీ మా అవ్వవే. బాడుగకు ఇచ్చేదీ ఆమే, వద్దనేదీ ఆమే. మా నాయన కూడా అందులో వేలు పెట్టేవాడు కాదు. చాలాకాలంగా అందులో ఒక టైలరు అంగడి నడిపేవాడు. మెత్తని మనిషి. నా గౌన్లన్నీ ఆయన కుట్టినవే.

ఒకరోజు ఆయన తాళం వేసుకుని పోయినాడు, మళ్ళీ రాలేదు. నెలలు గడిచినాయి. భార్యకు బాగాలేదని కొందరన్నారు, వేరే ఊళ్ళో ఇంకో కాపురం ఉందని కొందరన్నారు. ఊరి నోరు ఊరుకోదు కదా. అవ్వ ఆయన సొంతూరికి మనిషిని పంపింది. అక్కడా ఎవరికీ తెలియదన్నారు.

సరిగ్గా అప్పుడే మా మేనత్త భర్త పోయి, ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చింది. అత్తగారింట్లో ఆమెకు తిండి కంటే తిట్లే ఎక్కువ. ఆ వీధి గదిలో ఇడ్లీ అంగడి పెట్టుకుంటే తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. లేదంటే మళ్ళీ ఆ నరకానికే పోవాలి. వచ్చి తీసుకుపోతానని మరిది కబురు కూడా పంపినాడు. అత్త పొద్దస్తమానం ఆ తాళం వంకే చూసేది. ఆ టైలరు మీద నాకు ఎంత మంటో చెప్పలేను.

మా చిన్నాయన సుత్తి తెచ్చినాడు. ఒక్క దెబ్బతో పని అయిపోతుందన్నాడు. లోపలున్న కుట్టుమిషను కూడా అక్కకే ఇచ్చేద్దామన్నాడు. అవ్వ ఆ సుత్తి లాక్కుని తన మంచం కింద పడేసింది.

"తాళం ఆయనది, తలుపు మనది అబ్బయ్యా. మనది మనం తీసుకుందాం."

చిన్నాయనకు అర్థం కాలేదు. నాకసలే కాలేదు.

ముందు ఆమె ఊళ్ళో దండోరా వేయించింది. వచ్చే గురువారం గది తెరుస్తున్నాం, ఆయన తరఫువాళ్ళు ఎవరైనా ఉంటే రండి అని. ఎవరూ రాలేదు. గురువారం పొద్దున మా చర్చి పాస్టరుగారినీ, మసీదు పక్కన అత్తరు అంగడి సాయిబుగారినీ పిలిచి వీధిలో కుర్చీలు వేసి కూర్చోబెట్టింది. ఆ తలుపులు బయటికి తెరుచుకునేవి కాబట్టి మడతబందులు వీధివైపే ఉండేవి. వడ్రంగి వాటి చీలలు కొట్టి తీసినాడు. రెండు తలుపు రెక్కలూ, గొళ్ళెమూ, తాళమూ కలిసి ఒక్కటిగా ఊడి వచ్చినాయి. ముసలమ్మకు చాదస్తం ముదిరిందని వీధిలో నవ్వినారు. అవ్వ పట్టించుకోలేదు. మిషను, ఇస్త్రీపెట్టె, సగం కుట్టిన చొక్కాలు, ఒక్కొక్కటే బయటికి తెప్పించి పెద్దల ముందు పెట్టి పేరు పైకి చెప్పింది. కత్తెరను కూడా పైకెత్తి చూపించింది. అన్నీ మా పెరటి కొట్టంలో సర్దించి, ఆ తలుపునే ఉన్నదున్నట్టు కొట్టానికి బిగించేసింది. తాళం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

గదికి కొత్త తలుపులు వచ్చినాయి. అత్త పొయ్యి వెలిగించింది. మరిది వచ్చినాడు, ఇడ్లీ తిని ఉత్తచేతులతో పోయినాడు. ఆ రోజు మా అత్త నవ్విన నవ్వు నేను మర్చిపోలేదు.

వానలు మొదలైనాక టైలరు వచ్చినాడు. సగానికి సగమైపోయినాడు. వీధికి అవతల నిలబడి ఇడ్లీ అంగడిని కాసేపు చూసి వెనక్కి తిరిగినాడు. అవ్వ వీధంతా వినపడేలా కేకేసి ఆపింది. వేలూరు ఆస్పత్రిలో ఇన్నాళ్ళూ భార్యను పెట్టుకుని ఉన్నాడట. ఆమె దక్కలేదు. అది విని నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

అవ్వ ఆయన్ని పెరట్లోకి తీసుకుపోయింది. తన తాళాన్ని చూసి ఆయన నిలబడిపోయినాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి తానే తెరిచినాడు. మిషను మీద చెయ్యి వేసి భోరున ఏడ్చినాడు. అవ్వ ఏడవనిచ్చింది. తర్వాత చెప్పాల్సిందీ చెప్పింది.

"గది మాత్రం రాదు నాయనా. అది నా కూతురిది. మా అరుగు ఖాళీగానే ఉంది, మిషను వేసుకో."

ఆ ఏడు క్రిస్మసుకు నా గౌను మా అరుగు మీదే తయారైంది.

ఇప్పుడు నాకు నెల్లూరులో రెండు పోర్షన్లు ఉన్నాయి. మేడ మీద బాడుగకున్న జంట ఫోన్లు ఆపేసి, చిన్నపిల్లతో సహా మాయమైతే, నేను పోలీసులకు చెప్పి, ఇరుగుపొరుగును పిలిచి, వాళ్ళందరి ముందే ఇల్లు తెరిపించినాను. అందులో నాకు మొహమాటం లేదు. ఇల్లు నాది. పదిహేను రోజుల్లో వేరేవాళ్ళకు ఇచ్చేసినాను కూడా. వాళ్ళ గ్రైండరూ, పెళ్ళి ఫొటో, చిన్నపిల్ల సైకిలూ మా అటక మీద ఉన్నాయి. దుమ్ము పడకుండా దుప్పటి కప్పినాను. ఇంకెన్నాళ్ళు దాస్తావు అత్తా, వాళ్ళు వచ్చే రకం కాదు అని మా కోడలు సణుగుతుంది. రాకపోతే రాకపోనీ. ఆ పిల్ల ఎప్పుడైనా వచ్చి నా సైకిలేదవ్వా అంటే, లేదు అని చెప్పే నోరు నాకు లేదు.