పంతులు అందుకున్న వక్క

ఇన్నేళ్లుగా ఒక వక్క నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. చెప్తే బరంపురంలో సగంమంది గుర్తుపట్టేస్తారు. బడా బజారులో మాది మూడు తరాల కిరాణా కొట్టు. కొత్త ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడ్డాక రెండుసార్లు అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నెగ్గాను. ఏ పార్టీ గుమ్మమూ తొక్కలేదు. ఆ మాట ఇప్పటికీ రొమ్ము విరుచుకునే చెప్తాను. క్షమించమని అడగడానికి రాయట్లేదు, అది ముందే తెలుసుకోండి.

ఏటంటే, మొదటిసారి నిలబడాల్సింది నేను కాదు, పంతులు. సరిహద్దు పల్లెలో తెలుగు బడి నడిపేవాడు. జిల్లా ఒరిస్సాలో కలిసింది కదా, మన పిల్లల చదువు గురించి అడగడానికి ఏ పార్టీకీ మాటివ్వని మనిషి కావాలని ఊరిపెద్దలు ఆయన్ని ఎంచుకున్నారు. నాకు కడుపు మండిపోయింది. ఇంగ్లీషూ ఒడియా గడగడా మాట్లాడేవాణ్ణి నేనుండగా బడిపంతులా?

ఒకరోజు ఆయన ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద ఒక పార్టీ నాయకుడున్నాడు, ఒడియా ఆయన. పసుపు రాసిన వక్క పంతులు చేతిలో పెట్టి, కూతురి పెళ్లికి రమ్మని పిలిచి వెళ్లాడు. ఒడియా ఇళ్లలో పిలుపంటే అదే. గువా అంటారు. బరంపురంలో పుట్టినవాణ్ణి, నాకు తెలీదా? ఆ పల్లె రైతులకి మాత్రం తెలీదు. వాళ్ల లెక్కలో వక్క అందుకున్నవాడు మాటిచ్చేసినట్టే. దారినపోయేవాళ్లు చూడనే చూశారు.

నాలుగు రోజులకి పెద్దలు మా కొట్టుకొచ్చారు. పంతులు ఆ పార్టీవాళ్ల వక్క అందుకున్నాడటగా, నిజమేనా అని అడిగారు. నా కళ్లారా చూశానన్నాను. అంతే. అందులో అబద్ధమేముంది? ఎన్నో ఏళ్లు ఆ ప్రశ్న పట్టుకుని వేలాడాను. కానీ ఇంకొకటుంది. ఆ నాయకుడు పంతులు కంటే ముందురోజే నన్నూ ఆ పెళ్లికి పిలిచాడు. పెద్దలతో ఆ మాట అంటున్నప్పుడు అలాంటి వక్కే నా బల్ల సొరుగులో ఉంది.

పెద్దలు నన్నే నిలబెట్టారు. ఆ వారమే పంతులు వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సావుకారుగారూ, ఆళ్లు నా మాట నమ్మట్లేదండి. ఒడియావోళ్ల పద్ధతులు మీకు తెల్సు కదా. అది పెళ్లి వక్కని ఒక్క మాట సెప్పండి. ఎన్నిక నాకొద్దు, మీరే నిలబడండి. బడికి పిల్లల్ని పంపడం మానేసినారండి."

"ఎన్నికలవనీండి పంతులుగారూ. నేనే సెప్తాను."

ఎన్నికలయ్యాయి. మెడ పట్టనన్ని దండలు వేశారు. రేపు చెప్దామనుకున్నాను. చెప్తే, మరి అప్పుడెందుకు చెప్పలేదంటారు కదా? ఆ రేపు రానే లేదు. కటకం అసెంబ్లీలో తెలుగు బడుల కోసం బల్ల గుద్ది మాట్లాడాను, ఎవరూ కాదనలేరు. అదే ఏడాది పంతులు బడి మూతపడింది.

ఆయన భంజనగర్ వెళ్లిపోయి, ఇళ్లకెళ్లి ప్రైవేట్లు చెప్పుకుని బతికి, అక్కడే పోయాడు. నా పేరు ఎక్కడా ఎత్తలేదట. నాకు ఒళ్లు మండేది అక్కడే. బడా బజారు నడిబొడ్డున నిలబడి నన్ను నాలుగు తిట్టి ఉంటే, నేనూ నాలుగు తిట్టి మర్చిపోయేవాణ్ణి. ఇంత మంచితనం ఎవడు అడిగాడయ్యా నిన్ను?

నేను రోడ్లు వేయించాను, బావులు తవ్వించాను. ఆ నీళ్లు ఇవాళ్టికీ తాగుతున్నారు. అవి తప్పని నాచేత ఎవరూ అనిపించలేరు. పంతులైతే ఇంకా బాగా చేసేవాడా? చేసేవాడేమో. మళ్లీ ఆ రోజొస్తే ఏం చేస్తావురా అని నన్ను నేను అడుగుతాను. మళ్లీ ఆ సొరుగు మూసే ఉంచుతానేమో. అది కూడా ఒప్పుకుంటున్నాను.

మొన్న ఆ పల్లె నుంచి ఒకతను సరుక్కొచ్చాడు. మాటల్లో పంతులు మనవడి ప్రస్తావన వచ్చింది. "ఆడా? వక్కందుకున్నోడి మనవడు" అని నవ్వాడు. నేను సరుకు కట్టించి పంపేశాను. ఆ రాత్రే కలం పట్టాను.

అందుకే ఈ కాగితం. ఆ పల్లెలో చదివి వినిపించండి, నన్ను తిట్టుకోండి, మీ ఇష్టం. పంతులు ఎవరికీ మాటివ్వలేదు. మాటిచ్చి తప్పినవాణ్ణి నేను. సెప్తానన్నాను, ఇదిగో సెప్తున్నాను.

అది పెళ్లి వక్క.