వినని పదకొండు నిమిషాలు

పీహెచ్‌డీ అంటే లావుపాటి పుస్తకాలు చదవడమని తాండూరులోని మా బంధువులందరి నమ్మకం. మాది కందిపప్పు వ్యాపారం చేసే ఇల్లు. అలాంటి ఇంట్లో ఒక ఆడపిల్ల ఆరేళ్లుగా చదువుతూనే ఉందంటే, పాపం పరీక్షలు తప్పుతోందేమో అని పెళ్లిళ్లలో నన్ను జాలిగా చూసేవారు. నిజానికి నేను చదివింది తక్కువ. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడు సెకన్ల మాట వినడం, ఆపడం, రాయడం, మళ్లీ వెనక్కి వెళ్లి వినడం, ఇదే నా చదువు. గంట రికార్డింగును కాగితం మీద పెట్టడానికి రెండు రోజులు పట్టేది. దగ్గు, నిట్టూర్పు, మనిషి ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగిందో ఆ లెక్క, అన్నీ రాయాలి. చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పడం మానేశాను.

నా అంశం మెట్ట పొలాల్లో పనిచేసే ఆడవాళ్ల మాటతీరు. బంట్వారం దగ్గర ఒక ఊళ్లో నాకు ఒక అవ్వ దొరికింది. డెబ్బై దాటిన మనిషి, ఊహ తెలిసినప్పటి నుంచి కూలికి పోయిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. ముందు గదిలో కూతురి కుటుంబం, వెనక గదిలో తను. నేను వికారాబాద్‌లో గది తీసుకుని, రెండు చలికాలాలు బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్లాను. ఉతికిన చీర కట్టుకుని నా కోసం సిద్ధంగా కూర్చునేది. ఏది అడిగినా ‘ఆఁ...’ అని కాసేపు ఆగి అప్పుడు చెప్పేది. తెలుగులో మాట మొదలుపెట్టి, ఉర్దూ మీదుగా కన్నడంలోకి దిగేది. నా పాలిట పండుగే.

రెండో చలికాలం చివర్లో అవ్వ నిద్రలోనే చనిపోయింది. చూడటానికి వెళ్తే కూతురు నా చెయ్యి పట్టుకుని, “నీతోని గంటలు గంటలు మాట్లాడెగద, పానం బాగలేదని నీకేమన్న చెప్పిందా? నాకైతే ఒక్క మాట చెప్పలే” అని అడిగింది. లేదక్కా అన్నాను. అప్పటికి అది నిజమే అనుకున్నాను. తర్వాత ఫోన్లో మా గైడు గారు డేటా ఎంత ఉందని అడిగారు. నలభై గంటలంటే సరిపోతుందన్నారు. ఆయన అడగకముందే నేనూ అదే లెక్క వేసుకుని ఉన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత నాలుగు నెలలు వికారాబాద్ గదిలో నేనూ ఆ గొంతూ. ఎండాకాలం మధ్యాహ్నాలు. ఫ్యాను చప్పుడుకు మాట సరిగ్గా వినబడదని ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసుకుని, చెమటలు కారుతుంటే కూర్చునేదాన్ని. చనిపోయిన మనిషి నా చెవిలో ఊపిరి తీసుకునేది. ఒక మాట కోసం అదే ఊపిరిని నలభై సార్లు వినేదాన్ని. హెడ్‌ఫోన్లు తీశాక కూడా కాసేపు గదిలో ఎవరో మాట మొదలుపెట్టబోతున్నట్టు ఉండేది. తాండూరు వెళ్లినప్పుడు అమ్మ అన్నం పెట్టనా అంటే, ‘ఆఁ...’ అని ఆగాను. అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, “ఎవరి లెక్క మాట్లాడుతున్నవే?” అంది. నవ్వేసి కంచం ముందుకు జరిపాను.

వరసగా రాసుకుంటూ వచ్చాను కాబట్టి చివరి ఫైలు చివరికే మిగిలింది. అందులో ఒక చోట నా ఫోను మోగుతుంది. గైడు గారు. లోపల సిగ్నల్ సరిగ్గా లేక, అవ్వను ఒక్కదాన్నే గదిలో వదిలి నేను రోడ్డు మీదికి వెళ్లాను. రికార్డర్ ఆపడం మరిచిపోయాను. ఫైలులో నా చెప్పుల చప్పుడు దూరమైపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అవ్వ మాట్లాడింది.

“పోయింది పిల్ల. రా, కూసో.”

ఆరు సెకన్లు ఆగింది.

“చెప్పలే. ఎవ్వలకు చెప్పలే.”

నేను వాల్యూమ్ పూర్తిగా పెంచాను. ఎక్కడో ట్రాక్టర్, ఒక కోడి. అంతే. కానీ ఆ ఖాళీ ఒక మనిషి మాటంత పొడుగుంది, అది అయిపోగానే ఆమె జవాబిస్తోంది.

“రొమ్ముల పట్టేసినట్టయితుంది. ఎడమ చెయ్యి గుంజుతుంది. నాలుగు దినాలాయె.” తొమ్మిది సెకన్లు. “వద్దు. దాని పరేషాన్లు దానికున్నయి.” నాలుగు సెకన్లు. “గీ పిల్ల ముంగట మంచిగనే కూసుంటున్న తీ.”

పదకొండు నిమిషాల తర్వాత నా చెప్పులు దగ్గరికొచ్చాయి. ఆమె గొంతు ఒక్కసారిగా తేటపడింది. ఎందాక చెప్పానని అడిగింది. ఆ మనిషి నొప్పిని దిగమింగుకుని నవ్వుతుంటే ఫైలులో నేనూ నవ్వుతున్నాను.

గైడు గారికి చెప్పాను. ఆయన ఎప్పుడూ లేనంత సంతోషపడ్డారు. రికార్డర్ ఉందని తెలియకుండా మనిషి మాట్లాడటం దొరకడమే కష్టమట, దాంతోనే ఒక చాప్టర్ అవుతుందట. ఆమె లేదు కాబట్టి కూతురి చేత అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే చాలన్నారు. ఆ ఫైలు ఆమెకు వినిపించాలన్న నియమం ఎక్కడా లేదు. నేను పత్రాన్ని రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఆ ఇంటి గడప దగ్గర చెప్పులు విడుస్తూ పిలిచాను. “ఉన్నవా బిడ్డా?” అన్నాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దామెను నేనలా ఎన్నడూ పిలవలేదు. లోపలి నుంచి, తల్లికి చెప్పినట్టే, “వస్తున్న అవ్వా” అని కూతురి జవాబు వచ్చింది. గిన్నె కింద పెట్టిన చప్పుడు. తడి చేతులతో బయటికి వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

పత్రం ఇస్తే ఏమిటని కూడా అడగకుండా మంచం మీద కూర్చుని పెన్ను తీసుకుని, ఏడ పెట్టాలె అంది. పెట్టించుకుని వచ్చేసి ఉంటే అయిపోయేది. నేను కాగితం మీద చెయ్యి పెట్టి, ముందు ఇది వినమని ఫోనులో ఫైలు పెట్టాను. ‘రా, కూసో’ అన్న చోట ఆమె తెలియకుండానే మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది. నొప్పి సంగతి విన్నాక, ఫోను వైపు వంగి, మెల్లగా అడిగింది.

“నాకన్న చెప్పొద్దా అవ్వా?”

“వద్దు” అంది ఫోను. “దాని పరేషాన్లు దానికున్నయి.”

నేను ఫైలు ఆపబోయాను. ఆమె మాత్రం చివరి దాకా విని, ఇది ఎప్పటిదని అడిగింది. తేదీ చెప్పాను. వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. అవ్వ పోవడానికి ఇరవై రెండు రోజుల ముందు.

“గన్ని దినాలు గీ మాట నీ దగ్గర్నే ఉండెనా?”

ముందు పోగుచేసుకుని తర్వాత వినడమే మా పద్ధతి అని చెప్పి తప్పించుకోవచ్చు.

“ఉండె అక్కా. నేను ఇనలే.”

ఆమె నన్ను తిట్టలేదు. కాగితం లాక్కుని సంతకం పెట్టింది. “రాస్కో” అంది. “ఇనలేదని గూడ రాయి.”

రాశాను. రికార్డు చేసిన తేదీ, చనిపోయిన తేదీ, నేను విన్న తేదీ, మూడూ ఒకే వరసలో పెట్టాను. చివరి రెండూ అనవసరం, తీసేయమని గైడు గారు రెండుసార్లు చెప్పినా తీయలేదు. వైవా రోజు ఆ చాప్టర్‌ను, ముఖ్యంగా ఆగిన సెకన్ల లెక్కను పరీక్షకులందరూ మెచ్చుకున్నారు. ఆ తేదీల గురించి ఏ ఒక్కరైనా అడుగుతారని సాయంత్రం దాకా ఎదురుచూశాను. అడగలేదు.