దావీదు కారు కింద నేను చూసింది

నన్ను అందరూ నిజాయితీపరుడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా గుండెమీద బండ పెట్టినట్టుంటుంది. పంతొమ్మిదివందల డెబ్బైల్లో ఎత్తుకున్న బరువు, ఇప్పటికీ దిగలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో బెజవాడలో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. దావీదూ నేనూ కుర్రతనంలో ఒకే లారీ ఓనరు దగ్గర పనిచేశాం. నేను మెకానిజం నేర్చుకున్నాను, వాడు డ్రైవింగు. తర్వాత వాడు చల్లపల్లిలో ఒక డాక్టరుగారికి డ్రైవరుగా కుదిరాడు. ఆయన పాత కారుకి ఏ రిపేరొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాడు. ఎనిమిదేళ్ళు ఆ కారుని సాకింది నేను. డాక్టరుగారు ఎప్పుడైనా అమ్మితే నేనే కొనుక్కోవాలని మనసులో పెట్టుకున్నాను. పైకి ఎవరితోనూ అనలేదు. అనకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

డాక్టరుగారు కారుని దావీదుకి అమ్మేశారు. వాడు పాడిగేదెలు రెండూ అమ్మి కొనుక్కున్నాడు. కంకిపాడు వైపు టాక్సీగా తిప్పుతానంటూ నా షెడ్డు ముందు ఆపి, "ఏరా మేస్త్రీ, నా కారెట్టా ఉంది?" అన్నాడు నవ్వుతూ. నా కారు! ఎనిమిదేళ్ళు దాని మసి నా గోళ్ళలో ఉంది, కారు మాత్రం వాడిదైంది. ఇంటికెళితే మా ఆవిడ, "దావీదన్నయ్య ఓనరయ్యాడంటగా" అంది. ఆమె మామూలుగానే అంది. నాకు ఎత్తిపొడుపులా వినపడింది. ఆ పూట అన్నం సయించలేదు. వాడు నాకేం అన్యాయం చేశాడు? ఏమీ లేదు. అదే నా కడుపుమంట. ఒక్క తప్పు దొరికినా తిట్టుకుని ఊరుకునేవాణ్ణేమో.

టాక్సీ తిప్పాలంటే ఎఫ్.సి. కావాలి. బ్రేకిన్‌స్పెక్టరుగారు బండి నడిపి చూసి, పనికొస్తుందని కాగితమివ్వాలి. తెల్లబట్టలతో ఆయన బండి కిందికి దూరేవారు కాదు. పాత బండయితే తనకి నమ్మకమున్న మేస్త్రిని దూరమని, అతను చెప్పింది రాసుకునేవారు. ఆ రోజు ఆ మేస్త్రిని నేనే. నన్ను చూడగానే దావీదు ఊపిరి పీల్చుకున్నాడు.

గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను. కిరసనాయిలు గుడ్డతో, బండి బరువంతా మోసే ఛాసిస్ అంతా తుడిచాను. టార్చి వేసి, గోటితో తడిమి తడిమి చూశాను. ఏదైనా దొరుకుతుందేమోనని ఆశగా వెతికాను. దొరకలేదు. నా ముఖం ఎవరికీ కనపడని ఆ చోట పడుకుని, నా ఒక్క మాటతో ఈ కారు వాడికి కాకుండా పోతుంది కదా అనుకున్నాను. తొందరపడి నోరు జారానని చెప్పుకుంటే కొంత నయంగా ఉండేది, కానీ నేను తొందరపడలేదు, ఏ అతుకుని చీలిక అని చూపించాలో కూడా కిందనే ఎంచుకుని మరీ బయటికొచ్చాను.

"ఛాసిస్ చీలిందండి. ఎప్పుడో నా చేతికి రాకముందే వెల్డింగు పెట్టి పైన రంగు పూశారు, ఇన్నాళ్ళూ మసి కింద కనపడలేదు," అన్నాను ఇన్‌స్పెక్టరుగారితో.

దావీదు గబగబా కారు దగ్గరికొచ్చాడు. వంగి చూశాడు. కారు తయారైనప్పటి అతుకుమీదే టార్చి వేసి చూపించాను.

"మళ్ళీ అతికిస్తే ఆగదంట్రా?"

"ఆగొచ్చు, ఆగకపోవచ్చు. నీ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి. నీ ఇష్టం."

"నువ్వు సరిగ్గా చూశావుగా?"

"చూశాను."

ఎఫ్.సి. రాలేదు. ఆ కారుని కొని సొంతానికి వాడుకుంటామని ఒకరిద్దరు వచ్చారు. దావీదు ఇవ్వలేదు. ఇంకొకళ్ళ ప్రాణం మీదికి తేవడం పాపమన్నాడు. పాత ఇనుము కింద కోయించేశాడు. గేదెలూ పోయాయి, కారూ పోయింది. మళ్ళీ ఎవరి కారో తుడిచే పనికి వెళ్ళాడు. కళ్ళు మసకబారేదాకా అదే పని.

నేను? వారం రోజులు హాయిగా నిద్రపోయాను. మీ దగ్గర అబద్ధమెందుకు? ఆ తర్వాత జనం నా షెడ్డుకి వెతుక్కుంటూ వచ్చారు. స్నేహితుడి బండయినా మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పాడట అని. నా మంచిపేరంతా ఆ రోజు వచ్చిందే.

దావీదు పోయినేడు పోయాడు. చర్చి నిండా జనం. నేను పోతే ఇంతమంది వస్తారా అని అక్కడ కూడా కుళ్ళుకున్నాను. వాడి భార్య నా చెయ్యి పట్టుకుని, "ఆరోజు మీరు చెప్పబట్టే మా పిల్లలు బతికారనేవారు అన్నయ్యా, పోయేదాకా అదే మాట" అంది. తల ఊపాను. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఎప్పుడు దొరుకుతుంది? చెప్పలేదు.

ఆమెకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ ఛాసిస్‌మీద వెంట్రుకంత చీలిక కూడా లేదు. దావీదు బాగుపడడం నేను చూడలేకపోయాను.