హేమనళిని కొన్న కత్తి

మోకాళ్లు అరిగాయి, ఇక నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పడంతో హేమనళిని కత్తిపీట అటకెక్కింది. నిలబడి తరగడానికి చేతికి నప్పే కత్తి దొరక్కపోతే తరుగుడు కోడలు సోహిని పాలవుతుంది. వంటిల్లంటే తరుగుడేనని నమ్మే మనిషికి అది పదవి ఊడడమే. అందుకే సంచిలో బంగాళాదుంప వేసుకుని, కోడల్ని వెంటబెట్టుకుని గడియాహాట్ బజారుకు వెళ్లింది.

హేమనళిని పెద్ద కత్తి బరువుగా ఉందంది. చిన్నది పిల్లల ఆటవస్తువంది. చివరికి దుకాణదారు నితాయి జానెడు కత్తి తీశాడు.

"కూరకైనా చేపకైనా ఇదొక్కటి చాలు మాసీమా. తడిచేతిలోనూ జారదు."

హేమనళిని ఒక చేత్తో పిడిని బల్లకు అదిమి, పదును తనవైపు తిప్పి, రెండో చేత్తో దుంపను దాని మీదికి తోసింది.

"అయ్యయ్యో! కదలాల్సింది కత్తి మాసీమా, దుంప కాదు!"

"మా ఇంట్లో యాభై ఏళ్లుగా దుంపే కదిలింది. నీ కత్తికేం అంత తొందర?"

సోహిని నవ్వాపుకుంటూ, "ఇలా పట్టుకోండి అత్తయ్యా," అని చూపించింది. హేమనళిని అలాగే పట్టుకుని తరిగింది. పిడి జారలేదు, చేయి నొప్పెట్టలేదు. ముక్కలు మాత్రం సన్నగా రాక ఇటుకల్లా పడ్డాయి.

హేమనళిని వాటిని కాసేపు చూసి, కత్తి కట్టివ్వమంది.

"కొన్నాళ్లు వేపుళ్లు వద్దులే అమ్మాయ్," అంది కోడలితో. "ఒంటికి వేడి. పులుసులే చేద్దాం."