గోనెపట్టాలు కట్టిన కోళ్లగూడు

మొన్న గిలకలదిండి రేవులో చేపలు బేరమాడుతున్నాను. ఈ వయసులో మోకాళ్లు నొప్పి అంటాయి గానీ నా నాలుకకు ఇంతవరకూ ఏ నొప్పీ రాలేదు. పండుగప్పకు అమ్మే ఆవిడ చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, పైసా పైసా పైకి పాకుతున్నాను. ఇంతలో పక్కన ఎవరో ఐసుదిమ్మను బరబరా లాగారు. దాని మీద కప్పిన తడి ఊక జారి నా పాదాల దగ్గర పడింది. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నేను ఎంత అడగాలనుకున్నానో మరిచిపోయాను. అమ్మే ఆవిడ అది కనిపెట్టింది. తూచమంటారా అండీ అని మెత్తగా అడిగింది. తూచమన్నాను, ఆవిడ చెప్పిన ధరకే. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావారు జ్వరమేమోనని నా నుదురు పట్టుకుని చూశారు.

మాది బందరు. నాన్నగారిది కిరాణా కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, మేనమామది ఇనపసామాను కొట్టు. మా ఇళ్లల్లో పిల్లలకు అ ఆ ఇ ఈ కంటే ముందే, ఎదుటివాడు ధర చెప్పగానే మొహం చేదుగా పెట్టడం వచ్చేసేది. సముద్రం పక్కన ఊరు కాబట్టి మా కొట్టుకు ఉన్న శత్రువు ఒక్కటే, చెమ్మ. ఉప్పు బస్తా కింద మడుగు కట్టేది. బెల్లం నీరుకారేది. పంచదార గడ్డకట్టి సుత్తి అడిగేది. అందుకని మా కొట్టునిండా మూతలూ గోనెపట్టాలే, తలుపు సందుల్లో కుక్కిన పాతగుడ్డలే. చెమ్మ దొంగలాంటిది, తలుపు గట్టిగా వేస్తే రాదు అనేవారు నాన్నగారు. నాకు ఆస్తిగా వచ్చిన జ్ఞానం ఇదీ. దీన్ని పట్టుకునే నేను ఒక చలికాలం రెండు ప్రాణాలు తీశాను.

నాకు పెళ్లయి గుడివాడ వచ్చేనాటికి అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. మావారు రైల్వేలో బుకింగ్ క్లర్కు. పగలు డ్యూటీ అయితే రాత్రి నిద్ర, రాత్రి డ్యూటీ అయితే పగలు నిద్ర. ఆ ఊళ్లో నాకు మాట్లాడటానికి దొరికిన ఒకే ఒక మనిషి పక్క వాటాలో ఉండే ఎస్తేరు టీచరుగారు. ఆవిడది గుడ్లవల్లేరు దగ్గర పల్లెటూరు. ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. తెల్లచీర, నల్ల గొడుగు, ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ స్కూలు, ఏడు రోజులూ కోళ్లు. మా ఇద్దరికీ ఒకటే పెరడు. అందులో ఆవిడ కోళ్లగూడు, గూట్లో పది తెల్లకోళ్లు. బ్లాకు ఆఫీసు వాళ్లిచ్చిన పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని పెంచారట.

మొదటిసారి ఆవిడ దగ్గర గుడ్లు కొనడానికి వెళ్లినప్పుడు, ధర చెప్పగానే నా మొహం అలవాటు కొద్దీ చేదుగా మారింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని నన్ను పరీక్షగా చూసి, "కడుపులో ఏమన్నా నొప్పా అమ్మాయ్?" అన్నారు. నిజంగానే అడిగారు. లోపలికెళ్లి వాము కూడా తెచ్చిచ్చారు. వాము నమిలి, అడిగినంతా ఇచ్చి, గుడ్లు తెచ్చుకున్నాను. నా బేరాల చరిత్రలో అలాంటి ఓటమి అంతకుముందు లేదు. మొదటి చలికాలంలోనే నాకు టైఫాయిడ్ వచ్చింది. పదిహేను రోజులు ఆవిడే గంజి కాచి తెచ్చారు, స్కూలు నుంచి మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి మరీ. ఆ తర్వాత ఇక ధర అడగలేదు.

గుడివాడ చలి పేరుకు చలేగానీ అసలు బాధ మంచుది. చుట్టూ కాలవలూ, కోసిన చేలూ. మార్గశిరం వచ్చిందంటే తెల్లవారి ఎనిమిదింటి దాకా పెరట్లో నిమ్మచెట్టు కనిపించేది కాదు. ఆరేసిన చీర సాయంత్రానికి ఉతికినప్పటికంటే బరువెక్కేది. అలాంటి ఊళ్లో ఆవిడ కోళ్లగూడు మాత్రం పొడిగా ఉండేది. మూరెడు ఎత్తు అరుగు, మోకాలెత్తు ఇటుక గోడ, దాని పైన కప్పు దాకా ఇనపవల, ఏటవాలు వాన పడకుండా కిందికి దించిన తాటాకు చూరు. అరుగు మీద జానెడు మందాన ఊక. రోజూ పొద్దున్నే కొంగు బిగించి, పళ్లున్న చెక్కతో ఆ ఊకంతా తిరగేసేవారు. శనివారాలు తడిసిన చోటల్లా తీసి పారేసి సున్నప్పొడి చల్లేవారు. నీళ్లకుండ గూట్లో ఉండేది కాదు, వల బయట ఉండేది. కోళ్లు తలలు బయటపెట్టి తాగాలి, చిందితే బయటే చిందుతుంది. ఊక గుప్పిట పట్టి నొక్కి చూసేవారు. వేళ్లసందుల్లోంచి రాలిపోతే సరే, ముద్దకడితే ఆ మూల మార్చాలి. ఈ కోళ్ల వైభోగం మాకు లేదు కదండీ అని నేను వేళాకోళం చేసేదాన్ని. నువ్వూ గుడ్లు పెట్టు, నీకూ ఊక వేస్తాను అనేవారు.

రెండో చలికాలం క్రిస్మస్ అయిన నాలుగోనాడు, అవనిగడ్డ దగ్గర ఉన్న వాళ్ల చెల్లెలి నుంచి కబురొచ్చింది, కూతురికి పురుడు, తోడు కావాలని. మూడు వారాలు సెలవు పెట్టారు. కోళ్లను ఎవరికీ అప్పగించని మనిషి గూటి తాళంచెవి నా చేతిలో పెట్టారు. రోజూ ఊక తిరగెయ్యి, కుండ బయటే ఉంచు, పై వల మాత్రం ఎంత చలైనా మూయకు, ఇవే ఆవిడ చెప్పినవి. సరేనండీ అన్నాను. కొట్లల్లో పెరిగినవాళ్లు సరే అంటే ఒప్పుకున్నట్టు కాదు, బేరం మొదలైనట్టు. ఆ సంగతి ఆవిడకు తెలియదు పాపం.

ఆవిడ వెళ్లిన వారానికి ముసురు పట్టింది. మూడు రోజులు సన్నటి జల్లు, దాని మీద మంచు. పొద్దున్నే చూస్తే కోళ్లు ఈకలు ఉబ్బించుకుని దూదిపింజల్లా ముడుచుకున్నాయి. నాకు జాలేసింది. జాలితోపాటు గర్వం కూడా. ఆవిడకు లెక్కలు తెలుసుగానీ చెమ్మ సంగతి బందరు కిరాణా వాళ్లకు తెలిసినట్టు తెలుస్తుందా అనుకున్నాను. నాన్నగారికి కబురుపెట్టి గోనెపట్టాలు తెప్పించి, కుండ దగ్గర కోడి తల పట్టేంత సందు తప్ప నాలుగు వైపులా వలంతా మూసి పురికొసతో కుట్టేశాను. సందుల్లో పాతగుడ్డలు కుక్కాను. బెల్లం బస్తాను కూడా అంత శ్రద్ధగా మూసి ఉండను. కొత్త ఊక కూడా వేద్దామని రైసు మిల్లుకు వెళ్లాను. మిల్లు ముందున్న పొడి ఊకకు అక్కడి గుమాస్తా ఒక ధర చెప్పాడు. నేను మొహం చేదుగా పెట్టాను. అలా పెట్టీ పెట్టీ, చివరికి అతను మిల్లు వెనక, వానకు తడిసి ఆరిన కుప్ప చూపించి సగం ధరకే తీసుకుపొమ్మన్నాడు. చెయ్యి పెడితే పైన పొడిగానే ఉంది. అడుగున ఎలా ఉందో చూడలేదు. ఆ రోజు నేను రిక్షాలో ఊక బస్తాల మధ్య కూర్చుని వస్తుంటే రాజ్యం గెలిచినట్టే ఉంది.

మూడోనాటికి గోనెపట్టాలు లోపలి వైపు తడిసి నీళ్లు కారుతున్నాయి. మంచు దూరుతోందని ఇంకో వరస కుట్టాను. రోజుకు ఎనిమిది గుడ్లు వచ్చేవి మూడైపోయాయి. కోళ్ల కళ్లల్లో నీళ్లు, ముక్కుల్లో బుడగలు. తుమ్ములు కూడా, అచ్చం మనుషుల్లాగే. ఎవరో కొక్కెర తెగులన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. తెగులైతే నా తప్పు కాదు కదా. ఒక పొద్దున్న గూడు తెరిచేసరికి రెండు కోళ్లు మూలన పడి ఉన్నాయి. నిమ్మచెట్టు కింద పాతించి, ఇంట్లోకొచ్చి కూర్చున్నాను. భయం పట్టుకుంది. కోళ్లు పోయాయని కాదు. ఈ ఊళ్లో నాకున్న ఒక్క మనిషి రేపటినుంచి నాతో మాట్లాడకపోతే ఎలాగన్నదే.

భయం వేస్తే కొట్టు పిల్లకు ఒకటే ఉపాయం తోస్తుంది, తగ్గిన సరుకు భర్తీ చేయడం. పెడనలో ఒకాయన దగ్గర అలాంటి తెల్లకోళ్లు ఉన్నాయని విని, చీరలు చూసొస్తానని మావారితో చెప్పి రైలెక్కాను. అదే రంగు, ఇంచుమించు అదే బరువు. అంత కంగారులోనూ బేరమాడాను, దేవుడు నన్నెలా పుట్టించాడో. సాయంత్రానికి గూట్లో పది కోళ్లు. వీశె బెల్లం పోతే వీశె బెల్లం, సరిపోయింది అనుకున్నాను.

మర్నాటి పొద్దున్నే, చెప్పిన రోజుకంటే ముందు, ఆవిడ మొదటి బస్సుకే దిగారు. చేతిసంచి కూడా దించకుండా పెరట్లోకి వచ్చి, గోనెపట్టాల ముందు కాసేపు నిలబడ్డారు. అన్నీ క్షేమమేనండీ అన్నాను నేను, అడక్కముందే. ఆవిడ తలుపు తీసి, వంగి, నన్ను కూడా లోపలికి పిలిచారు.

"కూర్చో అమ్మాయ్. అలా కాదు, ఇంకా కిందికి. కోడి ముక్కు ఎక్కడుందో నీ ముక్కు అక్కడ పెట్టు."

పెట్టాను. ఇన్నాళ్లూ నిలబడి చూసినదాన్ని, అప్పటిదాకా నాకు తెలియనేలేదు. కింద, ఊకకు జానెడు ఎత్తున, గొంతులో కారం కూరినట్టు ఘాటు. కళ్లు మండి నీళ్లు ధారకట్టాయి. చెమ్మ బయటినుంచి రాలేదని ఆవిడ చెప్పారు, లెక్క తప్పు చేసిన పిల్లకు చెప్పినట్టే, కోపం లేకుండా. అది కోళ్ల ఊపిరి, వాటి రెట్ట. పోవడానికి దారి లేక అక్కడే తిరిగింది. బస్తాలోని బెల్లం ఊపిరి తీయదు, కోడి తీస్తుంది. ఇంత చిన్న తేడా నాకు తట్టలేదు.

బయటికొచ్చాక ఆవిడ నా మొహంలోకి చూసి, "ఇంకేమన్నా చెప్పాలా?" అన్నారు.

"ఏం లేదండీ," అన్నాను.

సరే, పార తీసుకురా అన్నారు.

నాలుగు రోజులు పట్టింది. కుట్లన్నీ విప్పాం. ఊకంతా ఎత్తి పెంటగోతిలో పోశాం. అడుగున అది బూజుపట్టి ముద్దలు ముద్దలుగా వచ్చింది. అరుగు గీకి, ఎండబెట్టి, సున్నం కొట్టాం. మిల్లుకు వెళ్లి, ముందున్న పొడి ఊకను అతను చెప్పిన ధరకే ఆవిడ కొంటుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, చూడలేక. స్కూలుకు ముందు ఒక గంట, వచ్చాక ఒక గంట, ఇద్దరం పక్కపక్కన పనిచేసేవాళ్లం. చెల్లెలి మనవడి గురించీ, పులిగడ్డ దగ్గర ఆగిపోయిన బస్సు గురించీ చెప్పేవారు. కోళ్ల లెక్క మాత్రం ఎత్తలేదు. రెండోరోజు చెప్పబోయి సున్నం బకెట్టు గురించి మాట్లాడాను. మూడోరోజు చెప్పబోయి దగ్గాను.

నాలుగోరోజు కొత్త ఊక పరుస్తుండగా, తల ఎత్తకుండా, ఊకతోనే చెప్పినట్టు చెప్పేశాను. రెండు చచ్చిపోయాయి, పెడన నుంచి రెండు తెచ్చి పెట్టాను అని.

ఆవిడ చేతిలో చెక్క ఆగలేదు. "తెలుసు. ఆ రెంటినీ మిగతావి రాత్రి పడుకునే కర్ర ఎక్కనివ్వడం లేదు. వచ్చిన సాయంత్రమే చూశాను."

"మరి అడగలేదేమండీ?"

"అడిగానుగా, లేదన్నావు. ఇంకోసారి అడిగితే నువ్వు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. ఎందుకూ అని ఊరుకున్నాను."

ఆ మూల ఊక సర్దాక, పోయినవి ఏవి అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. నాకు పదీ ఒకేలా ఉండేవి. ఆవిడే గూట్లోకి చూసి, తురాయి పక్కకు వాలినదీ, తన చెప్పుల పట్టీ పొడిచేదీ కనిపించడం లేదన్నారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచారు. అద్దాలు తుడిచినంతసేపే. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది, ఘాటు లేకుండానే. పెడన కోళ్లు రెండూ నీవే, నువ్వే పెంచు అన్నారు. పెంచాను. వాటి పిల్లల్నీ పెంచాను. మావారికి బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ పెరడు చూశాకే ఇల్లు చూసేదాన్ని.

ఆవిడ రిటైరయ్యాక అవనిగడ్డకు, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. నేను ఏడాదికోసారైనా బస్సెక్కి వెళ్లేదాన్ని. కుశలాలన్నీ అయ్యాక, ఇంకేమన్నా చెప్పాలా అమ్మాయ్ అని అడిగేవారు. ఇద్దరం నవ్వేవాళ్లం. నవ్వాక, ఏదో ఒకటి చెప్పేదాన్ని. చెప్పవలసింది ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

మా అమ్మాయి అప్పుడప్పుడు వస్తుంది. అంతా బాగానే ఉందమ్మా అంటుంది, గుమ్మంలో చెప్పులు విప్పకముందే. అలా అన్న రోజున నేను ఇంకేమీ అడగను. చిక్కుడుకాయల పళ్లెం మా ఇద్దరి మధ్య పెట్టుకుని, ఈనెలు తీద్దాం రావే అంటాను. పక్కింటి వాళ్ల గురించీ, కూరగాయల ధరల గురించీ నా సొద నేను చెప్పుకుపోతాను. సగం కాయలు అయ్యేసరికి దాని వేళ్లు నెమ్మదిస్తాయి. అమ్మా, ఒక సంగతి అంటుంది. నేను తల ఎత్తను. ఇంకో కాయ తీసుకుంటాను.