ఊడ్చేవాళ్లకు చైనా తత్వం చెప్పమన్న రోజు

నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పేదాన్ని. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆ గ్రూపులో చేరేవాళ్లలో సగం మంది ఇంకెక్కడా సీటు దొరకనివాళ్లే. అయినా షువాన్‌షువే పాఠం వస్తే నాకు హుషారు. చైనాలో ఒక పెద్ద రాజ్యం కూలిన తర్వాత పుట్టిన తత్వం అది. కన్ఫ్యూషియన్లు చెప్పే పదవులూ మర్యాదలూ, తావో మార్గం చెప్పే సహజమైన బతుకూ రెండూ ఒకటేనని నిరూపించాలని ఆ పండితుల తాపత్రయం. అందులో ఒకాయన వాదన నాకు మరీ ఇష్టం. చిన్న పిట్టకు కొమ్మ చాలు, మహాపక్షికి ఆకాశం కావాలి. ఎవరి స్వభావంలో వాళ్లుంటే ఇద్దరూ సమానమే అంటాడు.

పోయిన వేసవిలో ఆ పాఠాన్ని మా కరస్పాండెంట్ వరండాలో నిలబడి విన్నాడు. గంట కొట్టాక తన గదికి పిలిపించాడు.

"బలే చెప్పినావమ్మా. ఇదే మాట మన ఊడ్చేటోళ్లకు చెప్పు. నాలుగు దినాలుగా ఒకటే గలాటా చేస్తాండారు."

గలాటా ఏమిటో నాకు తెలుసు. ఊడ్చే ఆడవాళ్లు ఐదుగురు స్టాఫ్ టాయిలెట్ తాళంచెవి అడుగుతున్నారు. దాన్ని రోజూ కడిగేది వాళ్లే. కడిగి, తాళం వేసి, చెవి ఆఫీసులో ఇచ్చి, తమ అవసరానికి మాత్రం ప్రహరీ వెనక కంపచెట్ల చాటుకు పోవాలి.

"ఏం చెప్పమంటారు సార్?"

"ఎవరి తావున వాళ్లుండల్ల అని. సదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఇంటారు."

ఒళ్లు మండిపోయింది. అయినా సిగ్గు లేకుండా మెట్లు దిగి వెళ్లి, సార్ చెప్పమన్నది చెప్పేశాను, పిట్ట సంగతితో సహా.

వాళ్లలో పెద్దామె చీపురు గోడకు ఆనించింది.

"ఆ చైనాయప్ప ఎప్పుడన్నా కక్కసు కడిగినాడా మేడం?"

"లేదు. రాజు కొలువులో పెద్ద ఉద్యోగం."

"అట్లయితే అట్లనే అంటాడు. పిట్టనడిగితే గదా తెలిసేది."

పన్నెండేళ్లు చెప్పాను ఆ పాఠం. ఆ పిట్టను అడగాలని ఒక్కసారీ తోచలేదు. కరస్పాండెంట్ మీద ఎంత కోపం వచ్చిందో, నా మీదా అంతే వచ్చింది.

నేరుగా ఆఫీసుకు పోయి, మేకుకున్న తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. పది నిమిషాల్లో ఆయన ఊగిపోతూ వచ్చాడు.

"ఎవురినడిగి తీసినావ్?"

"పాలించేవాడు ఊరికే అడ్డం పడగూడదని కూడా ఆ తత్వంలో ఉంది సార్. అది వినకుండానే పోయినట్టున్నారు."

"నాకు పాఠాలు చెప్తాండావా?"

 మర్నాడే కొత్త తాళం పడింది. ఆ ఐదుగురూ టాయిలెట్ కడగడం మానేశారు. మూడోరోజుకు కంపు కరస్పాండెంట్ గదిదాకా వచ్చింది. అప్పుడు ఇంకో తాళంచెవి చేయించి వాళ్లకిచ్చారు. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ ఏడు చేరేవాళ్లు లేరని చెప్పి ఫిలాసఫీ గ్రూపు ఎత్తేశారు. నాకు ఇంగ్లీషు గ్రామరు అప్పగించారు. చేరతామని వచ్చిన నలుగురిని ఆఫీసువాళ్లే వేరే గ్రూపులోకి పంపడం నేను కళ్లారా చూశాను. అడిగితే, "రూలు మేడం" అన్నారు. ఏ రూలో చూపించమని రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు. రోజూ పోయి అడుగుతూనే ఉన్నాను.